ల్యాప్‌టాప్ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచొచ్చా? బ్యాటరీ నాలుగేళ్లు రావాలంటే ఏం చేయాలి

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని అని తెలిస్తే చాలు, కాలేజీ జూనియర్ల దగ్గర నుంచి మా చిన్నాన్న కొడుకు దాకా అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టే వాడాలా, తీసేసి వాడాలా?"

దీనికి ఎవరికి తోచిన జవాబు వాళ్లు చెప్తుంటారు. 100 అవగానే పీకెయ్ అని ఒకరు, జీరో దాకా దింపి మళ్లీ ఫుల్ చెయ్ అని ఇంకొకరు, రాత్రంతా పెడితే పేలిపోతుందని మరొకరు. ఇందులో కొన్ని ఒకప్పుడు నిజమే. కొన్ని ఎప్పుడూ నిజం కాదు. వీటన్నిటి మధ్య అసలు సంగతి ఒకటి మరుగున పడిపోయింది.

ఇది చిన్న విషయం ఏమీ కాదు. బీటెక్ ఫస్టియర్‌లో ఇంట్లోవాళ్లు ఈఎంఐ మీద కొనిచ్చిన ల్యాప్‌టాప్ ఫైనలియర్ ప్లేస్‌మెంట్ల దాకా రావాలి. కానీ చాలామందికి థర్డియర్ వచ్చేసరికే బ్యాటరీ గంట కూడా ఆగదు. అప్పుడు అది ల్యాప్‌టాప్ కాదు, గోడకి కట్టేసిన డెస్క్‌టాప్. కోడింగ్ టెస్ట్ మధ్యలో హాస్టల్‌లో కరెంట్ పోతే స్క్రీన్ కూడా పోతుంది. "సార్, కరెంట్ పోయింది" అంటే వినే కంపెనీ ఏదీ లేదు.

కాబట్టి ముందు బ్యాటరీ ఎందుకు పాడవుతుందో చూద్దాం. అది తెలిస్తే ఏం చేయాలో మీకే అర్థమైపోతుంది.

లోపల అసలేం జరుగుతుంది?

మన ల్యాప్‌టాప్‌లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ దీన్ని మొదటిసారి మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనకున్న పరిశోధనకి జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో అనే ముగ్గురికి 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

పని చేసే పద్ధతి సింపుల్. ఛార్జ్ చేసేటప్పుడు లిథియం అయాన్లు ఒక వైపు నుంచి గ్రాఫైట్ వైపుకి వెళ్తాయి. వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. గ్రాఫైట్ మీద ఒక సన్నటి పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉండాలి, లేకపోతే బ్యాటరీ పని చేయదు. కానీ అది నెమ్మదిగా మందం అవుతూనే ఉంటుంది. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నెలో తెల్లగా పొర కడుతుంది చూశారా, అలాగన్నమాట. పొర పెరిగిన కొద్దీ కొంత లిథియం అందులోనే ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నది మళ్లీ తిరిగి రాదు. మీ 100 శాతం అనేదే కొంచెం కొంచెం చిన్నదైపోతుంది.

బ్యాటరీని వాడినా, వాడకుండా అల్మారాలో పెట్టినా ఈ పొర పెరుగుతుంది. దాన్ని తొందరపెట్టేవి ముఖ్యంగా రెండు. ఒకటి వేడి. రెండోది ఫుల్ ఛార్జ్ దగ్గర సెల్‌లో ఉండే ఎక్కువ వోల్టేజ్. మామూలు లిథియం అయాన్ సెల్ సగటున 3.6, 3.7 వోల్టుల దగ్గర పని చేస్తుంది. ఫుల్ అయితే 4.2 వోల్టులు, కొన్ని కొత్త సెల్స్‌లో ఇంకా కొంచెం ఎక్కువ. ఆ పై చివర ఎంతసేపు కూర్చుంటే అంత ఒత్తిడి.

నాలుగు అంకెలు చాలు

బ్యాటరీ యూనివర్సిటీ అనే సైట్‌లో ఒక పాత టేబుల్ ఉంది. బ్యాటరీని వాడకుండా ఒక ఏడాది పక్కన పెడితే, ఆ తర్వాత దాని కెపాసిటీ ఎంత మిగులుతుందో అందులో ఇచ్చారు.

- 25 డిగ్రీల్లో, 40 శాతం ఛార్జ్‌తో పెడితే: 96 శాతం
- 25 డిగ్రీల్లో, ఫుల్ ఛార్జ్‌తో పెడితే: 80 శాతం
- 40 డిగ్రీల్లో, 40 శాతం ఛార్జ్‌తో పెడితే: 85 శాతం
- 40 డిగ్రీల్లో, ఫుల్ ఛార్జ్‌తో పెడితే: 65 శాతం

ఒక్కసారి కూడా వాడని బ్యాటరీలో మూడో వంతు పైగా పోయింది! సెల్ రకాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కి అచ్చం ఇలాగే జరుగుతుందని కాదు. కానీ దారి మాత్రం ఇదే.

ఇప్పుడు ఆ చివరి లైన్‌ని ఇంకోసారి చూడండి. 40 డిగ్రీలు, ఫుల్ ఛార్జ్. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో, నల్గొండలోనో ఫ్యాన్ గాలికి గేమ్ ఆడుతున్న ల్యాప్‌టాప్ లోపల ఎంత వేడి ఉంటుందో ఆలోచించండి. బయటే 40 దాటే చోట లోపల అంతకంటే తక్కువ ఉండదు. పైగా ఛార్జర్ ఎప్పుడూ పెట్టే ఉంటుంది, బ్యాటరీ ఎప్పుడూ 100 మీదే ఉంటుంది. ఈ నాలుగింటిలో అన్నిటికంటే చెత్త గడి ఏదో, మనలో చాలామంది ల్యాప్‌టాప్ సరిగ్గా అందులోనే ఉంది.

కాబట్టి ఛార్జర్ పెట్టడం తప్పు కాదు. వేడిలో 100 మీద రోజుల తరబడి ఉంచడం తప్పు. ఈ ఆర్టికల్ మొత్తంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే.

మరి మనం వింటున్న మాటల సంగతి?

"100 దాటితే ఓవర్‌ఛార్జ్ అవుతుంది": అవ్వదు. బ్యాటరీ ప్యాక్‌లో ఉన్న సర్క్యూట్ ఫుల్ అవగానే ఛార్జింగ్ ఆపేస్తుంది. ఆ తర్వాత ల్యాప్‌టాప్ నేరుగా అడాప్టర్ పవర్ మీద నడుస్తుంది. రాత్రంతా పెట్టినంత మాత్రాన పేలిపోదు. సమస్య 100 మీద గంటల తరబడి నిలబడటం, అదీ వేడిలో.

"జీరో దాకా దింపి ఛార్జ్ చేయాలి": ఇది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి మాట. వాటికి మెమరీ ఎఫెక్ట్ అనే గొడవ ఉండేది. లిథియం అయాన్‌కి అది లేదు. పైగా రోజూ జీరో దాకా దింపడం దీనికి ఇబ్బందే. 20 దగ్గరకు రాగానే ఛార్జర్ పెట్టేయండి. ఒక్క సందర్భంలో మాత్రం ఇది పనికొస్తుంది. 30 శాతం అని చూపిస్తూ ఉన్నట్టుండి ఆఫ్ అయిపోతుంటే, ఒకసారి పూర్తిగా దింపి ఫుల్ చేస్తే శాతం లెక్క సరిపడొచ్చు. దాంతో లెక్క సరిదిద్దుకుంటుందే గానీ బ్యాటరీకి కొత్త ప్రాణం రాదు.

"కొత్తది కొన్నాక మొదట ఎనిమిది గంటలు ఛార్జ్ పెట్టాలి": అవసరం లేదు. ఫుల్ అయ్యాక ఎన్ని గంటలు ఉంచినా అదనంగా ఎక్కేది ఏమీ లేదు.

ముందు మీ బ్యాటరీ రిపోర్ట్ తీయండి

జ్వరం ఉందో లేదో చూడకుండా మాత్ర వేసుకోం కదా. ఇదీ అంతే.

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ ఓపెన్ చేయండి. పవర్ అనే ఇంగ్లీష్ మాటకి సి, ఎఫ్, జి అనే మూడు అక్షరాలు కలిపి టైప్ చేయండి. ఒక స్పేస్ ఇచ్చి, ముందుకి వాలిన స్లాష్ పెట్టి, బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఎంటర్ నొక్కగానే ఒక ఫైల్ సేవ్ అవుతుంది. అది ఎక్కడ ఉందో కింద కనిపిస్తుంది. బ్రౌజర్‌లో ఓపెన్ చేసుకోవచ్చు.

అందులో రెండు లైన్లు చూడండి. డిజైన్ కెపాసిటీ అంటే ఫ్యాక్టరీ లెక్క ప్రకారం ఉండాల్సింది. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిజంగా పట్టేది. ఉదాహరణకి మొదటిది 50,000 మిల్లీవాట్ అవర్, రెండోది 41,000 అనుకుందాం. అంటే మీ బ్యాటరీ ఆరోగ్యం 82 శాతం. 41,000 మిల్లీవాట్ అవర్ అంటే 41 వాట్ అవర్. మీ పనికి ల్యాప్‌టాప్ 10 వాట్లు తింటే నాలుగు గంటలు, గేమ్‌కి 40 వాట్లు తింటే గంట. బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్న ప్రశ్నకి జవాబు ఈ భాగాహారమే.

సైకిల్ కౌంట్ కూడా అక్కడే ఉండొచ్చు, కొన్ని మోడళ్లలో చూపించదు. ప్లగ్ పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ అని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఇవాళ 60 శాతం, రేపు 40 శాతం వాడితే, రెండూ కలిపి ఒక సైకిల్.

మ్యాక్‌బుక్ వాడేవాళ్లు సిస్టమ్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ దగ్గర హెల్త్ చూడొచ్చు. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ అనే చోట సైకిల్ కౌంట్ ఉంటుంది. ఇప్పటి మ్యాక్‌బుక్‌లకి ఆపిల్ చెప్పే పరిమితి 1000 సైకిళ్లు.

నేను ప్రతి మూడు నెలలకి ఒకసారి ఈ రిపోర్ట్ తీసి, తేదీ వేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుంటాను. వారంటీ అయిపోయే ముందు నెలలో మాత్రం తప్పకుండా తీస్తాను. చాలా కంపెనీలు బ్యాటరీకి ల్యాప్‌టాప్‌తో సంబంధం లేకుండా వేరే వారంటీ ఇస్తాయి. మీ బిల్లుతో వచ్చిన కాగితంలో అది ఎన్నాళ్లో ఇవాళే చూసుకోండి.

80 దగ్గర ఆపేయండి

నన్ను ఒక్క సెట్టింగ్ చెప్పమంటే ఇదే చెప్తాను. ఎక్కువ సమయం ప్లగ్ పెట్టి వాడేవాళ్లు ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగిపోయేలా పెట్టుకోవాలి. అప్పుడు ఛార్జర్ రోజంతా ఉన్నా బ్యాటరీ ఆ పై చివర ఒత్తిడిలో ఉండదు. పీకడం, పెట్టడం అనే పని కూడా తప్పుతుంది.

ఎక్కడ ఉంటుంది అంటే:

- లెనోవోలో వాంటేజ్ యాప్, అందులో కన్జర్వేషన్ మోడ్. ఎంత శాతం దగ్గర ఆగుతుందన్నది మోడల్‌ని బట్టి మారుతుంది.
- ఆసుస్‌లో మై ఆసుస్ యాప్, అందులో బ్యాటరీ కేర్ లేదా బ్యాటరీ హెల్త్ ఛార్జింగ్.
- డెల్‌లో బయోస్‌లో గానీ, డెల్ పవర్ యాప్‌లో గానీ 'ప్రైమరిలీ ఏసీ యూజ్' లేదా కస్టమ్.
- హెచ్‌పీలో కొన్ని మోడళ్లకి బయోస్‌లో బ్యాటరీ హెల్త్ మేనేజర్.
- ఏసర్‌లో దాని సొంత కేర్ యాప్‌లో 80 శాతం లిమిట్.
- మ్యాక్‌బుక్‌లో ఆప్టిమైజ్డ్ బ్యాటరీ ఛార్జింగ్. మీ అలవాటు చూసి అవసరం ఉన్నప్పుడే 80 దాటిస్తుంది.
- లినక్స్ వాడేవాళ్లకి టీఎల్‌పీ అనే టూల్. మీ మోడల్ సపోర్ట్ చేస్తే ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో మీరే ఇవ్వొచ్చు.

ఈ మాట చెప్పగానే మా తమ్ముడు అడిగాడు. "అన్నా, మాకు కరెంట్ పోతుంది కదా, ఆ 20 శాతం వదులుకుంటే ఎలా?" సరైన డౌటే. జవాబు ఏంటంటే, ఈ లిమిట్ పర్మనెంట్ కాదు. ఎగ్జామ్ ఉన్న రోజు, ఊరెళ్లే రోజు పొద్దున లిమిట్ తీసేసి 100 చేసుకోండి. ఫుల్ చేసి వెంటనే వాడేస్తే నష్టం తక్కువ. ఏడాదిలో పది రోజులు 100 వరకు వెళ్తే ఏం కాదు. 365 రోజులూ అక్కడే ఉంటేనే సమస్య. పైగా ఇవాళ వదులుకున్న ఆ 20 శాతమే మూడేళ్ల తర్వాత కూడా మీ బ్యాటరీలో ప్రాణం మిగిల్చేది.

మీ మోడల్‌లో ఈ సెట్టింగే లేకపోతే, 80 దాటాక ఛార్జర్ తీసేసి 30 దాకా వాడి మళ్లీ పెట్టండి. అంత ఓపిక లేకపోతే కనీసం వేడి మీద దృష్టి పెట్టండి.

వేడి తగ్గించడానికి రూపాయి ఖర్చు లేని పనులు

పరుపు మీద, దుప్పటి మీద ల్యాప్‌టాప్ పెట్టొద్దు. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని కింద నుంచి పీల్చుకుంటాయి. దుప్పటి ఆ రంధ్రాలని మూసేస్తుంది. కూలింగ్ ప్యాడే కొనాలని లేదు. ఇంటర్‌లో వాడిన ఎగ్జామ్ ప్యాడ్ కింద పెట్టినా చాలు. వెనక రెండు వైపులా రెండు సీసా మూతలు పెట్టి కొంచెం ఎత్తితే ఇంకా మంచిది.

బ్యాగులో పెట్టే ముందు షట్‌డౌన్ గానీ, హైబర్నేట్ గానీ చేయండి. చాలా కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లు మూత వేస్తే పూర్తిగా నిద్రపోవు. ఫోన్ లాగా లోపల మేలుకునే ఉంటాయి. మధ్యలో ఏదైనా అప్‌డేట్ మొదలైతే బ్యాగులోనే కాలిపోతుంటాయి. కాలేజీకి వెళ్లి జిప్ తీస్తే వేడి ఆవిరి, 20 శాతం బ్యాటరీ కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఎండలో ఆపిన కార్లో, బండి మీద బ్యాగులో వదిలేయొద్దు. తమ మ్యాక్‌బుక్‌లని 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది. ఎండలో మూసి ఉన్న కారు ఆ పై అంకెని తొందరగానే దాటేస్తుంది.

గేమ్ ఆడేటప్పుడు, పెద్ద కోడ్ బిల్డ్ చేసేటప్పుడు ఛార్జర్ పెట్టుకోండి. బ్యాటరీ మీద అంత లోడ్ వేస్తే సైకిళ్లూ కరుగుతాయి, వేడీ పెరుగుతుంది. 80 లిమిట్ ఉంది కాబట్టి భయం లేదు.

దుమ్ము సంగతి. మన ఊళ్లలో ఏడాదికి ఒకసారైనా ఫ్యాన్ శుభ్రం చేయాలి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, రంధ్రాల్లోకి బ్లోయర్‌తో మెల్లగా గాలి కొట్టండి. వెనక మూత విప్పడం వచ్చినవాళ్లు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని కొట్టండి. విప్పడం రాకపోతే సర్వీస్ వాళ్లకి ఇవ్వండి, వారంటీలో ఉంటే మీ చేతులు అసలు పెట్టొద్దు.

సెలవులకి ల్యాప్‌టాప్ హాస్టల్‌లో వదిలి వెళ్తుంటే 50 శాతం దగ్గర పూర్తిగా షట్‌డౌన్ చేసి, చల్లగా ఉండే చోట పెట్టండి. ఫుల్ చేసి వద్దు, జీరోలో అసలు వద్దు.

ఒక ఛార్జ్ ఎక్కువసేపు రావాలంటే

ఇది వేరే ప్రశ్న. కానీ తక్కువ వాట్లు తింటే తక్కువ సైకిళ్లు అవుతాయి, తక్కువ వేడెక్కుతుంది. కాబట్టి చివరికి అదీ ఇక్కడికే వస్తుంది.

- బ్రైట్‌నెస్ తగ్గించండి. మామూలు పనిలో ఎక్కువ పవర్ తినేవాటిలో స్క్రీన్ ఒకటి.
- 120, 144 హెర్ట్జ్ స్క్రీన్ అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు 60కి మార్చండి. నోట్స్ చదవడానికి 144 అక్కర్లేదు.
- గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే విడి గ్రాఫిక్స్ కార్డ్ ఊరికే మేలుకుని లేకుండా హైబ్రిడ్ మోడ్‌లో ఉందో లేదో చూడండి.
- పవర్ మోడ్‌ని బెస్ట్ పవర్ ఎఫిషియెన్సీలో పెట్టండి.
- టాస్క్ మేనేజర్ ఓపెన్ చేసి, వెనకాల ఏది ప్రాసెసర్‌ని తింటోందో చూడండి. చాలాసార్లు దొంగ బ్రౌజర్లోనే దొరుకుతాడు.

డార్క్ మోడ్ పెడితే బ్యాటరీ మిగులుతుందా? ఓఎల్ఈడీ స్క్రీన్ అయితే మిగులుతుంది. మామూలు ఐపీఎస్ స్క్రీన్‌లో వెనక లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కళ్లకి హాయి తప్ప పెద్ద తేడా ఉండదు.

ఛార్జర్ దగ్గర రెండు జాగ్రత్తలు

టైప్ సి పోర్ట్‌తో ఏ ఛార్జర్ అయినా పని చేస్తుంది కదా అని ఫోన్ ఛార్జర్ పెట్టేస్తారు. అడాప్టర్ వాట్లు సరిపోకపోతే లోడ్ ఎక్కువైనప్పుడు తక్కువైనది బ్యాటరీ నుంచి తీసుకుంటుంది. ప్లగ్ పెట్టి ఉన్నా ఛార్జ్ దిగిపోతుందంటే చాలాసార్లు కారణం అదే. మీ ల్యాప్‌టాప్‌తో వచ్చిన అడాప్టర్ మీద ఎన్ని వాట్లు రాసుందో చూసి దానికి తగ్గదే వాడండి.

రెండోది ఎర్త్. మెటల్ బాడీ ఉన్న ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ముట్టుకుంటే చేతికి సన్నగా జివ్వుమంటుందా? చాలావరకు మీ సాకెట్‌కి ఎర్త్ లేదనో, మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టారనో అర్థం. ఆ కన్వర్టర్ తీసేసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లో పెట్టండి. అప్పటికీ పోకపోతే ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

బ్యాటరీ ఉబ్బితే ఆ రోజే ఆపేయండి

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు సంగతి. ఇది ప్రాణం సంగతి.

టచ్‌ప్యాడ్ నొక్కితే గట్టిగా అయిపోవడం, పైకి లేవడం, మూత సరిగ్గా మూసుకోకపోవడం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం. ఇవి కనిపిస్తే లోపల బ్యాటరీ ఉబ్బిందేమో అని అనుమానించాలి. "ఇంకో వారం, సెమిస్టర్ అయిపోనీ" అనుకోవద్దు. ఛార్జర్ తీసేయండి, షట్‌డౌన్ చేయండి, మళ్లీ ఛార్జ్ పెట్టొద్దు. నొక్కి లోపలికి తోయడం, సూదితో గుచ్చి గాలి తీయడం లాంటివి చేస్తే మంట అంటుకుంటుంది. పరుపులకి, కాగితాలకి దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

పాత బ్యాటరీని చెత్త బుట్టలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ ప్రకారం, పాత బ్యాటరీలని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత వాటిని తయారు చేసి అమ్మే కంపెనీలదే. సర్వీస్ సెంటర్‌లో ధైర్యంగా అడగండి.

చివరగా

ఛార్జర్ పెట్టే వాడొచ్చా? వాడొచ్చు, 80 దగ్గర ఆగేలా పెట్టి, గాలి ఆడేలా ఉంచితే. ఇవాళ పది నిమిషాలు కేటాయించండి. రిపోర్ట్ తీసి ఆ శాతం రాసిపెట్టుకోండి, లిమిట్ ఆన్ చేయండి, దుప్పటి మీద నుంచి ల్యాప్‌టాప్‌ని తీసి ఎగ్జామ్ ప్యాడ్ మీద పెట్టండి. మూడు నెలల తర్వాత మళ్లీ రిపోర్ట్ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ సలహా పని చేసిందో అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు.